షోకేసు తలుపు తియ్యండి

మన యిళ్లల్లో హాలుకి ఓ పక్కన అద్దాల షోకేసు లేకపోతే అదేదో వెలితిగా వుంటుంది. పై అరలో కొండపల్లి అంబారీ యేనుగు, దాని పక్కనే పిల్లవాడికి పరుగుపందెంలో వచ్చిన కప్పు, కింది అరలో ఏటికొప్పాక లక్కపిడతలు, యెవరో కానుకగా యిచ్చిన యిత్తడి పళ్లెం. తలుపుకి తాళం. పండక్కి బూజు దులిపేనాడు తప్ప ఆ తాళంచెవి ఎక్కడుందో యింటి యిల్లాలికే గుర్తుండదు!

పెద్దవాళ్ల కాలంలో యీ వస్తువులు యిలా ఖైదులో వుండేవి కావు. సంక్రాంతికో దసరాకో బొమ్మలకొలువు పెట్టేవారు. లక్కపిడతల్లో ఆడపిల్లలు అటుకులూ బెల్లమూ వేసి వంటలాట ఆడేవారు. మూతలు పోయేవి, చిన్న చిన్న తిరగళ్లు విరిగేవి. మళ్లీ తిరునాళ్లలో కొనేవారు. అలా మళ్లీ కొనడంవల్లనే చేసేవాడి యింట్లో పొయ్యి వెలిగేది. షోకేసులో పెట్టిన బొమ్మ విరగదు. విరగనిదాన్ని మళ్లీ కొనేదెవరు చెప్పండి?

విశాఖపట్నంలో మా చెల్లెలి కూతురు కొత్త ఫ్లాటు కొనుక్కుంది. లోపలి అలంకరణ అంతా ఆ వూళ్లోనే వుండే ఓ డిజైనరు అమ్మాయికి అప్పగించింది. చూడ్డానికి వెళ్లి, హాల్లో నాలుగువైపులా వెతికి, "షోకేసేదే?" అన్నాను.

"మొత్తం యిల్లే షోకేసు పెద్దమ్మా! ఆ బీరువా తలుపు తీసి చూడు," అంది నవ్వుతూ.

తలుపు పిడి పట్టుకున్నాను. నున్నగా, పసుపు రంగులో, అరచేతికి వెచ్చగా తగిలింది. ఏటికొప్పాక లక్కపని! వంటింట్లో, పడగ్గదిలో అన్ని బీరువాలకీ అవే పిడులు. సోఫా వెనకాల గోడమీద శ్రీకాళహస్తి కలంకారీ. నేలమీద వరంగల్ జంఖానా. వంటింట్లో నెల్లూరు జిల్లా ఉదయగిరి చెక్క గరిటెలు. వీధి తలుపు మీద పేరు చెక్కిన పెంబర్తి యిత్తడి పలక.

ఆ డిజైనరు అమ్మాయి తన పని గురించి చెబుతూంటే నాకు ముచ్చటేసింది. పిడి కొలతలు కాగితం మీద గీసుకుని ఏటికొప్పాకకి తనే వెళ్లిందట. అంకుడు కర్ర మెత్తన. మర నేరుగా బిగిస్తే నాలుగు రోజులకే వదులవుతుంది. ఏం చెయ్యాలో పనివాడే చెప్పాడట: నడుం కాస్త లావుగా వుంచి, మధ్యనుంచి యిత్తడి బోల్టు దూర్చమన్నాడు. "గీత నాది, బుద్ధి ఆయనదండీ," అంది ఆ అమ్మాయి. మంచి డిజైనరు లక్షణం అదే అనిపించింది నాకు.

ఏటికొప్పాక యిప్పుడు అనకాపల్లి జిల్లాలో వుంది, వరాహ నది ఒడ్డున. అక్కడ రంగు పూసే కుంచె కనిపించదు. బాగా ఆరబెట్టిన కర్రని తరిణి మీద గిర్రున తిప్పుతూ నునుపు చేస్తారు. రంగు కలిపిన లక్కకడ్డీని తిరిగే కర్రకి ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో అదిమితే చాలు, ముఖం చూసుకునేంత నిగారింపు వస్తుంది. పసుపు కొమ్ములనుంచి పసుపు, నీలిమందునుంచి నీలం, రెండూ కలిస్తే ఆకుపచ్చ, జాఫ్రా గింజలనుంచి నారింజ. నడుమ కొన్నాళ్లు రసాయన రంగులు వచ్చిపడి యీ విద్య మరుగున పడింది. దాన్ని మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ వూరి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025లో ఢిల్లీ గణతంత్ర దినోత్సవ వూరేగింపులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కనిపించినవి యీ బొమ్మలే.

కలంకారీ సంగతి చూడండి. బట్టని కరక్కాయ రసం, గేదెపాలు కలిపి తడిపి ఆరవేస్తారు. పాలలో వెన్న వుండబట్టి సిరా పాకదు. నలుపుకోసం యినపముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి వూరబెడతారు. వెదురుపుల్ల చివర గుడ్డ చుట్టి, దారం కట్టి, దాన్ని వేళ్లతో నొక్కుతూ గీస్తారు. పటిక రాసిన చోటే యెరుపు నిలుస్తుంది. ఒక్కో రంగుకీ ఒక్కో వుతుకు, అదీ ప్రవాహపు నీళ్లలో. స్వర్ణముఖి యెండిన రోజుల్లో వాళ్ల కష్టం చెప్పనలవి కాదు. మచిలీపట్నం దగ్గర పెడనలో అయితే కలం బదులు చెక్క అచ్చులు. రెండూ కలంకారీలే, రెండూ చేతిపనే.

మరి బజారులో పాలియెస్టరు మీద అచ్చు వేసి "కలంకారీ" అని అమ్మేదో? ఓ మాట గుర్తుంచుకోండి. కలంతో గీసిన గీత ఓ చోట లావుగా, ఓ చోట సన్నగా వుంటుంది. రెండు నెమళ్లు అచ్చుగుద్దినట్టు వుండవు. కొత్త బట్టని ముక్కు దగ్గర పెట్టుకుంటే పాలవాసన వస్తుంది.

అసలు దిగులు వేరే వుంది. ఏటికొప్పాకకి అంకుడు కర్ర, కొండపల్లికి తెల్ల పొణికి కర్ర నానాటికీ కరువవుతున్నాయి. కర్ర దొరికినా, కొనేవాళ్లు ఏడాదికోసారి వచ్చి, "రెండొందలకిస్తావా?" అని బేరమాడి పోతే, ఆ పనివాడి కొడుకు తరిణి ముందు ఎందుకు కూర్చుంటాడు? పట్నంలో ఉద్యోగం వెతుక్కుంటాడు. అతన్ని తప్పుపట్టలేం. మన మెచ్చుకోలు వాళ్ల కడుపు నింపదు గదా! నలభై పిడులకి ఆర్డరు, మళ్లీ ఆరు నెలలకి మరో నలభైకి ఆర్డరు, ఇదీ వాళ్లకి కావలసింది. స్థానిక డిజైనర్లు చేస్తున్న మేలు అక్కడే వుంది. ఏడాదికోసారి కొనే బొమ్మని రోజూ ముట్టుకునే పిడిగా, దీపపు స్తంభంగా, తెర అంచు పూసగా మార్చారు.

వాడుకలో పెడితే పాడవుతాయేమోనని గృహిణులు జంకనక్కర్లేదు. లక్కవస్తువుల్ని పొడిగుడ్డతో తుడవండి. వేడిగిన్నె వాటిమీద పెట్టకండి, లక్క కరుగుతుంది. కలంకారీని మొదటిసారి విడిగా చన్నీళ్లలో జాడించి నీడన ఆరవెయ్యండి. యిత్తడికి చింతపండు వుండనే వుంది. చెక్క గరిటెని నీళ్లలో నానబెట్టకుండా కడిగి ఆరనిస్తే యేళ్ల తరబడి వస్తుంది.

గృహప్రవేశానికి వెళ్తే నేలమీద పలకలు ఏ కంపెనీవో, ఫ్యాన్లు ఏ కంపెనీవో గుక్కతిప్పుకోకుండా చెబుతారు. గోడమీది బొమ్మ ఎవరు గీశారంటే మాత్రం మొహమొహాలు చూసుకుంటారు. ఈసారి కొనేటప్పుడు చేసిన మనిషి పేరూ వూరూ అడిగి, వెనకాల ఓ చీటీమీద రాసి అంటించండి. వచ్చిన చుట్టాలు బాగుందంటే ఆ చీటీ చూపించండి. ఆ పనివాడికి మరో ఆర్డరు మీ హాల్లోంచే వెళ్తుంది.