పాత వీణకు కొత్త మేళం

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో వీణకచేరీ వింటాం గాని, ఆ 24 మెట్లూ మైనంలో నిలిచి ఉంటాయని మనలో ఎందరికి తెలుసు? తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, ఆ ముద్దలో ఒక్కో మెట్టునూ శ్రుతి చూస్తూ నిలపడమే మేళం కట్టడం. ఎండలకు మైనం మెత్తబడి మెట్టు జరిగితే, తీగ పొడవు మారి స్వరం తప్పుతుంది. లాబులో సోనోమీటరు మాకు చెప్పే పాఠమే ఇది.

అంతమాత్రాన వీణను అటకెక్కించాలా? మా ఊళ్ళో కర్రు అరిగితే కర్రు మారుస్తాం గాని నాగలిని పారెయ్యం. బొబ్బిలి వీణలో కుండ, దండి ఒకే పనసదుంగలో తొలుస్తారు. ఆ కర్రను కదపకుండా మేళమే మార్చాలి. మెరుపు కోసం పైపలకకు వార్నిషు దట్టంగా పూస్తే కంపనం తగ్గి నాదం మూగబోతుంది.

నారాయణగూడలోనో అశోక్‌నగర్‌లోనో మీ అటకమీద వీణ ఉంటే దించండి. మైనం మళ్ళీ దొరుకుతుంది. ఏళ్ళతరబడి ఆరిన ఆ కర్ర దొరకదు.