కొలెస్టరాల్ తగ్గిన గుండెకు రక్షయేనా?

“నేయి మానివేసి ఏడాది అయినది, వదినా. అయినను రక్తములో కొలెస్టరాల్ పెరిగినదేమి?” అని ఏబది ఏండ్లు దాటిన ఇల్లాలు పరీక్ష కాగితము చేతబట్టి వాపోవుట మన ఇండ్లలో వినబడు మాటయే. ఇందులో తప్పంతయు వంటింటిది కాదు.

మన దేశములో స్త్రీలకు సగటున 46, 47 ఏండ్ల ప్రాయమున ముట్లు ఉడుగును. అప్పుడు అండాశయములలో ఈస్ట్రోజెన్ అను హార్మోను ఉత్పత్తి చాల వరకు తగ్గిపోవును. ఈ హార్మోనుకును కొలెస్టరాలుకును దగ్గర సంబంధము కలదు. ఎల్.డి.ఎల్. అను చెడు కొలెస్టరాలును రక్తము నుండి లోనికి తీసికొనుటకు కాలేయ కణములపై ద్వారములవంటి గ్రాహకములు ఉండును. ఈస్ట్రోజెన్ వాని సంఖ్యను పెంచును. హార్మోను తగ్గగా అవియు తగ్గి, ఎల్.డి.ఎల్. రక్తములోనే నిలిచిపోవును.

అట్లయిన హార్మోనును మాత్రల రూపమున ఇచ్చిన చాలదా? చూడి గుర్రముల మూత్రము నుండి తీసిన ఈస్ట్రోజెన్ మాత్రలు అమెరికాలో 1942 నుండియే వాడుకలో ఉన్నవి. అచ్చట 875 మంది స్త్రీలపై మూడేండ్లు జరిపిన పరిశోధన ఫలితములు 1995లో వెలువడినవి. హార్మోను వాడినవారిలో ఎల్.డి.ఎల్. తగ్గినది, హెచ్.డి.ఎల్. అను మంచి కొలెస్టరాల్ మెరుగుపడినది. ట్రైగ్లిసరైడులు అను మరియొక కొవ్వు మాత్రము పెరిగినది. ఈ చికిత్స గుండెకు రక్షయని పలువురు వైద్యులు తలచిరి.

కాని గుండెజబ్బు కలిగిన 2,763 మంది స్త్రీలపై జరిగిన మరియొక పరిశోధన 1998లో వేరు సంగతి తెలిపినది. సగము మందికి హార్మోను మాత్రలు, తక్కినవారికి మందు లేని ఉత్త మాత్రలు సుమారు నాలుగేండ్లు ఇచ్చిరి. ఉత్త మాత్రల వారికంటె హార్మోను వాడినవారిలో ఎల్.డి.ఎల్. 11 శాతము తగ్గినది, హెచ్.డి.ఎల్. 10 శాతము పెరిగినది. అయినను మొత్తము మీద గుండెపోటులు తగ్గలేదు. మొదటి ఏడాది ఎక్కువైనవి కూడ. అటుపిమ్మట 16,608 మందిపై సాగుచున్న పెద్ద పరిశోధనను 2002 జూలైలో నడుమనే ఆపివేసిరి. తుంటి ఎముక విరుగుట తగ్గినను, రొమ్ము క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతము, రక్తపు గడ్డలు పెరుగుటయే అందుకు కారణము.

కొలెస్టరాల్ తగ్గియు కీడు ఎట్లు కలిగినది? నోటితో మ్రింగిన మాత్ర ముందుగా కాలేయమును చేరును. రక్తమును గడ్డకట్టించు పదార్థములు పెక్కు అచ్చటనే తయారగును. ఆ మాత్ర ఒకవైపు ఎల్.డి.ఎల్.ను తగ్గించుచునే, మరియొకవైపు రక్తము గడ్డకట్టు స్వభావమును పెంచును. రక్తపరీక్ష కాగితము మొదటిదానినే చూపును.

అందువలన హార్మోను చికిత్స నిషిద్ధమని కాదు. ఒంట ఆవిరులు, చెమటలు, నిద్రలేమి మిక్కుటముగా బాధించునప్పుడు, అరువది ఏండ్లలోపు వారికి, ముట్లు ఉడిగి పదేండ్లు దాటనివారికి, వైద్యులు తగు పరీక్షలు చేసి దీనిని ఇచ్చుచున్నారు. చర్మముపై అంటించు పట్టీల వలన గడ్డల భయము తక్కువ. కేవలము కొలెస్టరాల్ తగ్గించుకొనుటకు మాత్రము ఇది మందు కాదు. దానికి మితాహారము, నడక, అవసరమైనచో స్టాటిన్ మాత్రలు ఉన్నవి. రక్తపోటును, మధుమేహమును కూడ అదుపులో నుంచుకొనవలెను. ఇప్పటికే హార్మోను వాడుచున్నవారు తమంతట తాము మానక వైద్యుని సంప్రదింపవలెను.

కాగితముతో వచ్చిన ఆ ఇల్లాలికి వదినగారు చెప్పదగిన మాట ఇదియే: “నేయి మానుట మంచిదే. పొరుగింటివారు వాడు మాత్రను మాత్రము అడిగి తెచ్చుకొనకుము. ఈ కాగితమును డాక్టరుగారికి చూపుము.”