అడవిలో ఒక రాత్రి

అక్కల్లారా! అడవి మనకు కొత్త కాదు. కట్టెలకు పోతాం. మేకలు తోలుకొని పోతాం. కానీ పొద్దు గూకేలోపల ఇల్లు చేరతాం. కొందరు మాత్రం పనిగట్టుకొని పోయి, రాత్రి అడవిలోనే పడుకుంటారు. ఎందుకు? పులిని, దుప్పిని, కణితిని చూడాలని!

మనకు ఉత్తరం దిక్కున నల్లమల కొండలు ఉన్నాయి. అక్కడ నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అడవి ఉంది. 1983లో దీన్ని పులుల రక్షణ పథకంలో చేర్చారు. ఆ అడవి అంచున ఆత్మకూరు దగ్గర బైర్లూటి ఉంది. ఇది మన ఆత్మకూరు కాదు. నంద్యాల జిల్లా ఆత్మకూరు. బైర్లూటిలో అటవీ శాఖ వారు గుడారాలు వేశారు. డబ్బు కట్టి ఉండొచ్చు. జీపులో అడవి చూపిస్తారు. అక్కడి చెంచులకు దీనివల్ల పని దొరుకుతుంది.

అడవిలో పడుకోవడం పాత సంగతే. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే భక్తులు నాగలూటి, భీముని కొలను దారిన పోతారు. రాత్రి దారిలోనే చెట్ల కింద పడుకుంటారు.

జంతువును చూడాలంటే ఎట్లా? మాట్లాడకూడదు. కదలకుండా కూర్చోవాలి. కొండముచ్చు చెట్టు మీదనుంచి పులిని చూసి అరుస్తుంది. దుప్పి కూడా అరుస్తుంది. ఆ అరుపు వింటే పులి దగ్గర్లో ఉందని తెలుస్తుంది. నేల మీద అడుగులు చూడాలి. కుక్క అడుగులో గోళ్ల గుర్తు పడుతుంది. పులి గోళ్లు లోపలికి ముడుచుకొని నడుస్తుంది. అందుకే దాని అడుగులో గోళ్ల గుర్తు సామాన్యంగా కనపడదు.

పులుల్ని ఎట్లా లెక్క పెడతారు? చెట్లకు కెమెరాలు కడతారు. పులి పోతుంటే ఫోటో పడుతుంది. ఒక పులి చారలు ఇంకో పులికి ఉండవు, మన వేలిముద్రల మాదిరి. మనం వేలిముద్ర మాని సంతకం నేర్చుకున్నాం. పులికి చారలే సంతకం! 2022 లెక్కలో ఆంధ్రప్రదేశ్‌లో 63 పులులు తేలాయి.

మరి మన సంగతి? ఉదయగిరి కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. చూడ్డానికి పోయినవాళ్లు మాట్లాడకూడదు. కట్టెలకు పోయిన మనం మాత్రం గట్టిగా మాట్లాడాలి. ఎందుకంటే ఎలుగు చెదలు తవ్వుకుంటూ ఉంటే మనిషి వచ్చింది గమనించదు. దగ్గరికి పోతే బెదిరి మీద పడుతుంది. పిల్లలుంటే మరీ కోపం. మన మాట ముందే వినపడితే అదే తప్పుకుంటుంది.

ఇవి గుర్తుంచుకోండి:

ఒంటరిగా పోవద్దు. నలుగురు కలిసి పోండి.
తెల్లవారుజామున, మునిమాపున పోవద్దు.
గుహల దగ్గరికి, దట్టమైన పొదల్లోకి పోవద్దు.
ఎలుగు దూరంగా కనిపిస్తే రాళ్లు వేయొద్దు. మెల్లగా వెనక్కి రండి.
మీద పడితే బోర్లా పడుకోండి. చేతులతో మెడ కప్పుకోండి.

ఎవరికన్నా గాయమైతే వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. అటవీ శాఖకు అర్జీ ఇవ్వండి. అడవి జంతువు వల్ల గాయమైతే ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అర్జీలో ఊరు, తేదీ, జరిగిన చోటు రాయాలి. ఎవరినో బతిమాలే పని లేదు. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. మీరే రాసి సంతకం పెట్టండి.

మీ ఊరి కొండలో ఏ జంతువులు ఉన్నాయి? పేర్లు పలక మీద రాయండి. ఎవరు ఎక్కువ రాస్తారో చూద్దాం!