పాత డ్రమ్ముకు మెరుగు పెట్టబోయి

ఈ నెల మేము వాక్య ధ్యానం రాయడం లేదు. పాత వాయిద్యములను ఎలా తుడవాలో, ఎలా తుడవకూడదో రాస్తున్నాము. పాస్టరుకు ఈ సంగతి ఎందుకని మీరనుకోవచ్చు. మా చేతులతో ఒకటి పాడు చేసుకున్న తర్వాత నేర్చుకున్నాము గనుక రాస్తున్నాము.

కల్వకుర్తిలో మేము సేవ చేసే సంఘంలో ఒక పెద్ద డ్రమ్ము ఉంది. ఈస్టరు తెల్లవారుజామున ఊరేగింపులో ముందు నడిచేది అదే. చుట్టుచెక్క మీద ముదురు ఎరుపు పాలిష్, దాని మీద పసుపుపచ్చ రంగుతో చేతిరాత అక్షరాలు: “స్త్రీల సమాజం, పిడికెడు బియ్యం కానుక, 1971”. ఆ కింద పదకొండు పేర్లు. మేము ఈ సంఘానికి వచ్చేటప్పటికే అవి మసకబారి, పొగకు, చేతి జిడ్డుకు నల్లబడి ఉన్నాయి. నిజం చెప్పాలంటే, మేము వాటిని ఒక్కసారి కూడా సరిగ్గా చదవలేదు.

2019లో క్రిస్మస్‌కు ముందు యౌవనస్థులు వచ్చి, “అయ్యగారూ, డ్రమ్ము కొత్తదానిలా చేస్తాము” అన్నారు. సంతోషంగా సరే అన్నాము. రంగుల దుకాణం నుండి థిన్నరు తెచ్చారు, గుడ్డతో రుద్దారు. గంటలో మురికితోపాటు పాలిష్ పోయింది, పాలిష్‌తోపాటు అక్షరాలూ పోయాయి. పిల్లలది తప్పు కాదు, అనుమతి ఇచ్చింది మేమే. మీద కొత్త వార్నిష్ కొట్టారు. అద్దంలా మెరిసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఒక అవ్వ డ్రమ్ము దగ్గరకు వచ్చి చేత్తో తడిమింది. “అయ్యగారు, మంచిగ మెరుస్తున్నది. మా బియ్యం ఏడ వోయినయ్?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

పిడికెడు బియ్యం అంటే ఏమిటో మన పత్రిక పాఠకులకు చెప్పనక్కరలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం మందిరానికి తెచ్చే కానుక అది. అవ్వ చెప్పిన ప్రకారం, బియ్యమన్నది మాటకే. ఆ రోజుల్లో చాలామంది తెచ్చింది జొన్నలు. పాలమూరు పల్లెల్లో వరి అన్నం పండుగ తిండి. కూలికి పోయి వచ్చి వండుకున్న దానిలోంచి తీసిన జొన్నలు అమ్మి, ఏళ్ళ తరబడి కూడబెట్టి కొన్న డ్రమ్ము అది.

ఆ తర్వాత మేము వడ్రంగులను, బ్యాండు మేళం వారిని, హార్మోనియం బాగు చేసేవారిని అడిగి తెలుసుకున్నాము. మన మందిరాలలో ఉండే పాత డ్రమ్ముల మీద పైపూత అంతా ఒకే రకం కాదు. ఇదే మొదట తెలియవలసింది.

పాత చెక్క డ్రమ్ములు, డోలక్‌ల మీద ఎక్కువగా ఉండేది లక్క. వడ్రంగులు దానిని స్పిరిట్ పాలిష్ అంటారు, ఎందుకంటే లక్కను స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. స్పిరిట్‌లో కరిగి వచ్చినది స్పిరిట్ తగిలితే మళ్ళీ కరిగిపోతుంది. 2020, 2021 సంవత్సరాలలో కోవిడ్ భయంతో బల్లలు, మైకులు, వాయిద్యాలు అన్నిటికీ శానిటైజర్ కొట్టాము. అందులో ఉండేది ఆల్కహాలే. మీ డోలక్ మీద ఆ నాటి నుండి తెల్లటి మచ్చలు, జిగురు జాడలు ఉంటే కారణం అది కావచ్చు. ఇక మా డ్రమ్ము మీద వాడిన థిన్నరు ఇంకా ఘాటైనది. అది లక్కను మెత్తబరచి, మీద రాసిన రంగును పొరలుగా లేపేస్తుంది.

రెండవ రకం సైడ్ డ్రమ్ముల మీద చుట్టిన ముత్యపు మెరుపు రేకు. పాతవాటి మీద అది చాలావరకు సెల్యులాయిడ్. అమెరికాలో జాన్ వెస్లీ హయట్ 1870లో దీనికి పేటెంటు పొందాడు. దూదిని ఆమ్లంతో మార్చి, దానికి కర్పూరం కలిపి చేస్తారు. పాత సెల్యులాయిడ్ దువ్వెనను గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం గుర్తుకొస్తుంది. టేబుల్ టెన్నిస్ బంతులు కూడా 2014 వరకు దీనితోనే చేసేవారు. కర్పూరం లాగే ఇది కూడా నిప్పంటుకుంటే భగ్గుమంటుంది. క్రిస్మస్ కొవ్వొత్తుల ఆరాధనలో సైడ్ డ్రమ్మును కొవ్వొత్తుల బల్ల పక్కన పెట్టవద్దు. గోళ్ళ రంగు తీసే ద్రవం ఒక్క చుక్క పడినా రేకు కరిగి గుంట పడుతుంది. ఎండ తగిలితే పసుపెక్కుతుంది. అలా పసుపెక్కినదానిని ఎంత రుద్దినా తెల్లబడదు. మురికి అయితే పోతుంది, వయసు పోదు.

మరి ఎలా తుడవాలి? మన ఎర్రమట్టి దుమ్ము ఉప్పుకాగితం వంటిది. పొడిగుడ్డతో ఒత్తి రుద్దితే గీతలు పడతాయి. ముందు మెత్తని బ్రష్‌తో దులపాలి. తర్వాత పాత నూలు పంచె ముక్కను నీటిలో ముంచి, నీరు చుక్క కూడా కారకుండా పిండి తుడవాలి. జిడ్డు ఉంటే ఆ నీటిలో ఒక చుక్క తేలికపాటి సబ్బు చాలు; బట్టల పొడి, సోడా వద్దు. వెంటనే పొడిగుడ్డతో ఆర్పాలి. ఏది వాడినా ముందు ఎవరికీ కనబడనిచోట, రింగు కింద దాగే అంగుళం మేర, వాడి చూడాలి. గుడ్డకు రంగు అంటుకుంటే అక్కడితో ఆపేయాలి. రాత ఉన్నచోటికి సబ్బు కూడా పోనివ్వరాదు. లక్క పాలిష్ గట్టిగా ఉంటే తేనె మైనం పలుచగా రాసి తుడిస్తే తేమకు కొంత అడ్డు. బూటు పాలిష్, కొబ్బరినూనె వద్దు. దుమ్ము వాటికే అంటుకుంటుంది.

రింగులకు, బోల్టులకు పట్టిన తుప్పుకు ఒక సులువు ఉంది. వాటిని విప్పి, అల్యూమినియం రేకు నలిపి నీటిలో తడిపి మెల్లగా రుద్దండి. క్రోమియం కన్నా అల్యూమినియం మెత్తన గనుక పూత మీద గీతలు పడకుండా పైపైన ఉన్న తుప్పు వస్తుంది. ఆరాక బోల్టు మరలకు కుట్టుమిషను నూనె ఒక చుక్క వేయండి. తబలా జతలోని ఇత్తడి డగ్గాకు మన అమ్మలు చింతపండు, బూడిద తెస్తారు. చెంబుకు అది మంచిదే. డగ్గాకైతే ఆ పులుపు తోలుపట్టీలలోకి దిగి వాటిని కొరుకుతుంది. మెత్తని పొడిగుడ్డ చాలు, కొంచెం నల్లగా ఉంటే ఉండనివ్వండి.

దాచడం గురించి రెండు మాటలు. వేసవిలో రేకుల కప్పు కింద అటక మీద పెడితే చెక్క పగులుతుంది. వానాకాలంలో నేల మీద పెడితే చెమ్మ, చెద. గోనెసంచి తేమను పట్టి ఉంచుతుంది. పాలిథీన్ సంచి ఇంకా చెడ్డది. పాతబడిన సెల్యులాయిడ్ నుండి వచ్చే ఆవిరి బయటికి పోక పక్కనున్న ఇనుమును తుప్పు పట్టిస్తుంది. పాత నూలు చీరతో కప్పి, గాలి ఆడే గదిలో బల్ల మీద పెట్టండి.

డప్పు గురించి కూడా ఒకరు అడిగారు. దానికి ఏ పూతా వద్దు. వాయించే ముందు మంట దగ్గర కాచే వాయిద్యం అది, వార్నిష్ కొడితే సెగకు పొంగుతుంది. చట్రం మీద ఉన్న నలుపు, నునుపు ఎన్నో ఏళ్ళ చేతులు పెట్టినవి. అసలు డప్పును మందిరంలోకి తేవచ్చునా అని కొన్నిచోట్ల ఇప్పటికీ సందేహమే. జాతరలోనూ చావు ముందూ కొట్టేదని పెద్దలు దూరం పెట్టారు. నిర్గమకాండము 15వ అధ్యాయంలో మిర్యాము చేత పట్టినదాన్ని మన తెలుగు బైబిలు తంబుర అంటుంది. అది వినగానే మనకు తీగల తంబూరా తోస్తుంది. హెబ్రీలో ఆ మాట తోఫ్, అంటే చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించేది. తీగల తంబూరా కన్నా మన కంజీరకు, డప్పుకు అది దగ్గరి చుట్టం.

మా పెద్ద డ్రమ్ము విషయానికి వస్తే, పోయిన రాత తిరిగి రాదు. కొత్తగా రాయిస్తామని యౌవనస్థులు అన్నారు. మేము వద్దన్నాము, కొత్త రాత పాత కానుకలా నటించకూడదు. తర్వాతి ఏడు తోలు మార్చడానికి రింగు విప్పినప్పుడు, దాని కింద థిన్నరు తగలని పట్టీ ఒకటి కనబడింది. అక్కడ ఆ పాత ఎరుపు అలాగే ఉంది. దాని మీద చివరి పేరులోని చివరి అక్షరం, “మ్మ”, మిగిలి ఉంది. ఎల్లమ్మో, దేవమ్మో, మరియమ్మో.

అవ్వను కూర్చోబెట్టి అడిగాము. పదకొండులో తొమ్మిది పేర్లు చెప్పింది. మిగిలిన రెండు ఆమెకూ గుర్తుకు రాలేదు. ఆ తొమ్మిది పేర్లు కాగితం మీద సిరాతో రాసి, రెండు గీతలు ఖాళీగా వదిలి, డ్రమ్ము లోపల అంటించి తోలు బిగించాము. సంఘపు పుస్తకంలో కూడా ఒక ప్రతి ఉంది. కల్వకుర్తి చుట్టుపక్కల 1971లో ఆ స్త్రీల సమాజంలో ఉన్నవారు గాని, వారి పిల్లలు గాని ఇది చదివితే, ఆ రెండు పేర్లు మాకు చెప్పండి.