సున్నపురాతి చరియలు – మన ప్రాంతపు గుండ్లు

శిలారోహణ క్రీడయందు బౌల్డరింగ్ అను శాఖ ఒకటి గలదు. తాడు సహాయం లేకుండా, పది పదిహేను అడుగుల గుండును చేతులతోను, పాదాలతోను ఎక్కడమే ఈ క్రీడ. ఫ్రాన్సు, స్పెయిన్ దేశాల సున్నపురాతి చరియలు శిలారోహకులలో ప్రసిద్ధి పొందినవి. వాటిని గురించి చదివిన విద్యార్థులకు, అటువంటి చోట్లు నారాయణఖేడ్ పరిసరాలలో దొరకవా అన్న సందేహం కలుగుట సహజమే.

దీనికి సమాధానం నేల చెబుతుంది. మన ఊరు దక్కను లావా పీఠభూమి అంచున ఉన్నది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రిందటి లావా గట్టిపడి బసాల్టు అయినది. అది శిథిలమై నల్లరేగడిగాను, జహీరాబాదు వైపు ఎర్రని మొరంగాను మారినది. ఇచ్చట సున్నపురాతి చరియలు లేవు. దక్షిణాన తాండూరులో సున్నపురాయి విస్తారంగా గలదు. మన ఇళ్ళలో పరచుకొనే నాపబండ అదే. అయితే అది పుస్తకపు పుటల వలె పొరలు పొరలుగా అడ్డంగా పరుచుకొని ఉంటుంది. నేలకు అంత చక్కగా అమరే గుణమే ఎక్కడానికి అడ్డు. గనుల అంచులు నిలువుగా కనబడినా, పొర ఊడి చేతికి వస్తుంది. వాటి జోలికి పోరాదు.

అసలైన సున్నపురాతి కొండలు చూడదలచినవారు కర్నూలు ప్రాంతపు ఎర్రమలలకు పోవలెను. అచ్చట నీరు రాతిని కరిగించి గుహలు తొలిచినది. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలను 1880 దశకంలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ పరిశోధించారు. బెలుం గుహల పొడవు 3,229 మీటర్లు. గుహలు చూచుటకే గాని ఎక్కుటకు కావు. వెతకవలసినది వెలుపలి చరియలను.

వెతికే పద్ధతి సులభమే. భూవిజ్ఞాన సర్వే పటంలో సున్నపురాయి గల భాగాన్ని గుర్తించాలి. సర్వే ఆఫ్ ఇండియా పటంలో సమోన్నత రేఖలు ఒత్తుగా ఉన్నచోట వాలు నిటారుగా ఉంటుంది. ఆ తరువాత గొర్రెలకాపరులను అడగాలి. వానకు మంద తలదాచుకొనే తావు ఎక్కడ అని అడిగితే చాలు. ముందుకు వాలిన బండ దొరికినట్లే. ఏ పటమూ ఈ సంగతి చెప్పదు. రాయి మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే నురుగు వచ్చినది సున్నపురాయి. తట్టిచూచినప్పుడు బోలుగా మ్రోగిన చోట పట్టుకొనరాదు. వాన వెలిసిన తరువాత కూడ పగుళ్ళలో కొన్నాళ్ళు తడి ఉంటుంది. నేల ఎవరి పట్టాయో, అటవీశాఖదో ముందే తెలుసుకొని అనుమతి పొందాలి. దర్గా గాని, గుడి గాని ఉన్న గుట్టను విడిచిపెట్టాలి.

మా అభిప్రాయంలో మన విద్యార్థులకు దూరపు సున్నపురాయి కన్న, తూర్పున మెదకు వైపు గల గ్రానైటు గుండ్లే మేలు. సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి ఆ రాయి గరుకైనది, గట్టిది. 2014 మే 25న ఎవరెస్టు శిఖరం చేరిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్‌లు తొలి శిక్షణ పొందినది భువనగిరి గ్రానైటు గుట్ట మీదనే.

ఇటువంటి గుండ్లు కంకరకై పగులుతున్నవి. హైదరాబాదులో వాటి రక్షణకు 1996లోనే ఒక సంఘం ఏర్పడినది. మన వైపు గుండ్లకు లెక్క వ్రాసినవారు అరుదు. కనుక గుండు కనబడిన నాడే పటంపై గుర్తుపెట్టి, ఊరివారు దానిని ఏమని పిలుస్తారో అడిగి వ్రాసుకొనండి.