ముక్కుకు అందని గాలి

పిల్లలూ! అన్నం వండే ముందు అమ్మ బియ్యాన్ని చేటలో పోసి చెరిగి, రాళ్లు ఏరుతుంది. మంచినీళ్లు కాచి గానీ, వడకట్టి గానీ తాగుతాం. పాలలో నీళ్లు కలిశాయేమోనని రోజూ చూసుకుంటాం. మనం తినేదీ, తాగేదీ అంతా కలిపినా రోజుకు నాలుగైదు కిలోలు మించదు. కాని పెద్దవారొకరు రోజుకు సుమారు 11 వేల లీటర్ల గాలి పీలుస్తారు. తూకం వేస్తే అది 13 కిలోల దాకా ఉంటుంది. ఇంత గాలిని లోపలికి పంపుతూ, అది ఎట్లాంటిదో ఎన్నడైనా చూసుకుంటున్నామా?

"చెడ్డ గాలి అయితే ముక్కే చెబుతుంది గదా!" అంటారేమో. ముక్కు మంచి నౌకరే. కాని దానికి రెండు లోపాలున్నాయి. ఏ వాసన అయినా కొద్దిసేపట్లో దానికి అలవాటైపోతుంది. అగరువత్తి వెలిగించిన గదిలో కొంతసేపు కూచున్నవారికి ఆ వాసన తెలియదు. బయటినుంచి వచ్చినవారికే తెలుస్తుంది. ఇది మొదటి లోపం. ఇక వాసన లేనివాటి సంగతి ముక్కుకు అసలే తెలియదు. ఇది రెండవది.

అందుకనే ఈ రోజుల్లో కొన్ని ఇళ్లలో అరచేతిలో పట్టేంత పెట్టె ఒకటి కనిపిస్తున్నది. దాని ముఖాన అంకెలు మారుతూ ఉంటాయి. దాన్ని ఎయిర్ క్వాలిటీ మానిటర్ అంటారు. మనం గాలిమీటరు అనుకుందాం. అది గాలిని శుభ్రం చెయ్యదు. జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరు జ్వరాన్ని తగ్గిస్తుందా? ఎంత ఉన్నదో చెబుతుంది, అంతే. తరువాత చేయవలసింది మనమే. ఇదీ అట్లాంటిదే.

దాని మీద ముఖ్యంగా రెండు అంకెలు చూడాలి. మొదటిది సన్నని ధూళి. దీన్ని పీ.ఎం. 2.5 అంటారు. 2.5 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 400వ వంతు, అంతకన్నా చిన్న రేణువులన్న మాట. తలవెంట్రుక లావులో ఇది సుమారు ముప్ఫయ్యో వంతు. పెద్ద దుమ్మును ముక్కులోని వెంట్రుకలూ, చీమిడీ ఆపుతాయి. ఈ సన్న ధూళి వాటికి చిక్కక ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది. బహుచిన్న రేణువులు నెత్తురులో కూడా కలుస్తాయి.

ఇంత చిన్నవాటిని మీటరు ఎట్లా కనిపెడుతుంది? కిటికీ సందులోంచి గదిలోకి ఎండ పడినప్పుడు ఆ వెలుగుబాటలో రేణువులు ఆడుతూ ఉండటం మీరు చూసే ఉంటారు. అవి తమమీద పడిన వెలుగును చెదరగొడతాయి గనకనే మనకు కనిపిస్తాయి. మీటరులోనూ ఇదే జరుగుతుంది. చిన్న ఫ్యాను ఒకటి గాలిని చీకటి గూటిలోకి లాగుతుంది. అక్కడ లేజరు కిరణం ఉంటుంది. రేణువు దానికి అడ్డు రాగానే వెలుగు పక్కకు చెదురుతుంది. ఆ వెలుగును పట్టే యంత్రపు కన్ను పక్కనే ఉండి, ధూళి ఎంత ఉన్నదో అంచనా కడుతుంది. అంచనాయే సుమా, తూకం కాదు! ఇడ్లీపాత్ర మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి తుంపరలను కూడా అది ధూళి అనుకోవచ్చు.

రెండవ అంకె కార్బన్ డయాక్సైడు. మా చిన్ననాటి పుస్తకాలలో దీనిని బొగ్గుపులుసు గాలి అనేవారు. మనం బయటికి వదిలే ఊపిరిలో ఇది నూటికి 4 పాళ్ల దాకా ఉంటుంది. దీనికి రంగు లేదు, మన ముక్కుకు వాసనా తెలియదు. 1859లో లండనులో జాన్ టిండాల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక ప్రయోగం చేసి, కంటికి కనపడని వేడికిరణాలను ఈ వాయువు మింగుతుందని చూపాడు. నేటి మంచి మీటర్లు ఆ కిటుకుతోనే పనిచేస్తాయి. కిరణం ఎంత బయలుదేరింది, ఎంత చేరింది అని చూస్తే, ఎంత మింగుడు పడిందో తెలుస్తుంది. కొన్ని చౌక మీటర్లు మాత్రం వేరే వాయువులను చూసి దీన్ని ఊహించి చెబుతాయి. కొనేముందు పెద్దలు ఈ సంగతి అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడొక లెక్క చేద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 10 అడుగులే ఉన్న గది ఒకటి అనుకోండి. అది 1000 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28 లీటర్ల చొప్పున అందులో 28 వేల లీటర్ల గాలి ఉన్నది. నిద్రపోయే పెద్దవారొకరు గంటకు సుమారు 12 లీటర్ల బొగ్గుపులుసు గాలి వదులుతారు. ఇద్దరైతే 24 లీటర్లు. 28 వేలలో 24 అంటే, 10 లక్షల పాళ్లలో 857 పాళ్లు. బయటి గాలిలో మొదటే సుమారు 425 పాళ్లు ఉన్నాయి. రెండూ కలిపితే 1282! కిటికీలు బిగించిన గదిలో ఇదంతా ఒక్క గంటలో జరిగే పని. తలుపుల సందులు ఉంటాయి గనక నిజానికి కొంత తక్కువ వస్తుంది. కాని తెల్లవారేదాకా ఎన్ని గంటలున్నాయో చూడండి!

1858లోనే జర్మనీలోని మ్యూనిక్ నగరంలో మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అనే పండితుడు, మనుషులుండే గదిలో ఈ వాయువు 10 లక్షలకు 1000 పాళ్లు దాటకూడదని చెప్పాడు. 1000 దాటగానే అది విషమైపోతుందని కాదు. ఒకరు వదిలిన ఊపిరినే మరొకరు పీలుస్తున్నారని దాని అర్థం. ఆ ఊపిరితోపాటు జలుబూ, ఫ్లూ కూడా ఒకరినుంచి ఒకరికి పోతాయి. గాలి మారని గదిలో తల బరువెక్కుతుంది, ఆవులింతలు వస్తాయి.

"ఇంతేనా! కిటికీ తెరిస్తే సరి" అంటారు. ఇక్కడే ఒక తగవు ఉన్నది. భోగిమంటలు వేసిన తెల్లవారుజామున కిటికీ తెరవండి. బొగ్గుపులుసు గాలి అంకె దిగుతుంది, ధూళి అంకె ఎక్కుతుంది! మూస్తే రెండవది పెరుగుతుంది, తెరిస్తే మొదటిది పెరుగుతుంది. ఏం చెయ్యాలి? వేళ చూసుకోవాలి. చలికాలపు తెల్లవారుజామున పొగ నేలబారునే నిలిచి ఉంటుంది. ఎండ ఎక్కినకొద్దీ పైకి లేచి పలచబడుతుంది. అప్పుడు తెరవాలి. ఏ వేళ ఏది మేలో చెప్పటానికే ఈ మీటరు.

ధూళి అంకెకు హద్దు ఏది? 24 గంటల సగటు ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశంలో 2009లో పెట్టిన హద్దు 60. కొన్ని మీటర్లు మైక్రోగ్రాములకు బదులు గాలి సూచికను చూపుతాయి. మన దేశపు సూచికలో 60 మైక్రోగ్రాములను 100 అంటారు. అందుచేత అంకె చూసి భయపడే ముందు, అది దేని అంకెయో చూడాలి.

రాత్రిపూట దోమల కాయిల్ వెలిగించి తలుపులు బిగించే ఇళ్లు చాలా ఉన్నాయి. 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఒక్క కాయిల్ కాలితే వచ్చే సన్న ధూళి 75 మొదలు 137 సిగరెట్ల ధూళికి సమానమని తేలింది. పసిబిడ్డ పడుకునే గదిలో ఎవరైనా అన్ని సిగరెట్లు కాలుస్తారా? దోమతెర కట్టుకుంటే దోమా రాదు, పొగా ఉండదు. కిటికీ కూడా తెరిచి ఉంచవచ్చు.

ఒక హెచ్చరిక మాత్రం మరిచిపోకండి. బొగ్గుల కుంపటి, సరిగా మండని గ్యాసు గీజరు వంటి వాటినుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. ఇది నిజంగా విషం. దీనికీ వాసన లేదు. పూర్వం బ్రిటన్‌లో బొగ్గుగనులలోకి కెనరీ పిట్టలను తీసుకుపోయేవారు. మనుషులకన్నా ముందు పిట్ట సొమ్మసిల్లితే, వెంటనే బయటికి వచ్చేవారు. 1986లో ఆ పిట్టల బదులు యంత్రాలు పెట్టాలని అక్కడ నిర్ణయించారు. మామూలు గాలిమీటర్లలో చాలావాటికి ఈ వాయువు జాడ తెలియదు. దాన్ని కనిపెట్టే యంత్రం వేరు. అందుచేత మీటరు అంకె బాగానే ఉన్నది గదా అని మూసిన గదిలో కుంపటి ఎన్నడూ పెట్టుకోకూడదు.

మీటరు ఉన్నవారు దాన్ని పొయ్యి పక్కనా, ఫ్యాను కిందా, కిటికీలోనూ పెట్టవద్దు. కూచున్నప్పుడు మన ముక్కు ఉండేంత ఎత్తున, గది మధ్యగా బల్లమీద పెట్టండి. ముందు ఒకసారి ఆరుబయట ఉంచి చూడండి. బొగ్గుపులుసు గాలి అంకె 425కు దగ్గరగా రాకపోతే మీటరును సరిచేయించాలి. తరువాత నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయండి: వేళ, అంకె, అప్పుడు ఇంట్లో జరుగుతున్న పని. ఏడు రోజులు రాయండి. ఎనిమిదో రోజున ఒక్కటంటే ఒక్కటే మార్చండి. పోపు వేసేటప్పుడు వంటింటి కిటికీ తెరవటమో, పొడిచీపురు బదులు తడిగుడ్డతో తుడవటమో. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు.

వంటింటి గడి ముందు ఎక్కువసేపు ఆగండి. ఇంటిలోని పొగ మూలంగా 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కట్టెలు, పిడకలు, బొగ్గులు, కిరసనాయిలు పెట్టి వండుకోవటమే దీనికి కారణం. పొయ్యిదగ్గర ఎక్కువసేపు నిలబడేది ఎవరు? గ్యాసు పొయ్యి మీద వండినా, నూనె మరిగి పోపు మాడినప్పుడు ధూళి లేవక మానదు. మీరు రాసిన అంకెలు ఇంట్లో అందరికీ చూపించండి. వంటింటికి కిటికీయో, పొగలాగే ఫ్యానో కావాలని చెప్పటానికి అంతకన్నా మంచి సాక్ష్యం ఉండదు.

మీటరు లేనివారు చిన్నబోనక్కరలేదు. మీరు పడుకునే గదిని టేపుతో కొలిచి, అందులో ఎందరు నిద్రపోతారో లెక్కపెట్టి, పైన చేసిన లెక్క మీరే చేయండి. జవాబు చూశాక, ఈ రాత్రి ఏ కిటికీ తెరవాలో మీకే తెలుస్తుంది.