చలికాలం పంట: నిప్పుల కుంపటి పక్కన నిద్రపోవద్దు



మేం సోలాపూర్ విడీ ఘర్కుల్‌లో ఉంటాం. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పని కోసం వచ్చిన పద్మశాలీ ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. మగవాళ్లు మరమగ్గాల మీద టవళ్లు, చద్దర్లు నేస్తారు. ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడతారు. మా చిన్నాయన ఒక్కడే ఊరి బయట రెండెకరాలు కౌలుకి తీసుకుని మల్బరీ వేశాడు. అందుకే చలికాలం వస్తే మాకు రెండు చోట్ల నిప్పుతో పని. ఇంట్లో మనుషులకి, షెడ్డులో పురుగులకి.

పోయిన చలికాలం ఒక రాత్రి జరిగింది చెప్తాం. అమ్మ పొద్దుపోయేదాకా బీడీలు చుట్టింది. చలికి బొగ్గుల శెగ్డి పక్కన పెట్టుకుంది. మీ దగ్గర కుంపటి అంటారు కదా, అదే. పడుకునేటప్పుడు దాన్ని మూలకి జరిపి, కిటికీ గట్టిగా మూసింది. నిద్రలో పిల్లాడు తన్నిన చద్దరు కొంగు శెగ్డి మీద పడింది. మాడు వాసనకి నాయనమ్మ లేచి అరిచింది. తునికాకు తడిపే బకెట్ నీళ్లు దగ్గరే ఉన్నాయి కాబట్టి చద్దరు ఒక్కటే పోయింది. రెండడుగుల దూరంలో ఎండాకు సంచి ఉంది. దానికి అంటుకుని ఉంటే మేం ఇప్పుడు ఇది రాసేవాళ్లం కాదు.

తెల్లారి అందరికీ తలనొప్పి, కడుపులో తిప్పుడు. చద్దరు పొగ వల్ల అనుకున్నాం. మూసిన గదిలో బొగ్గులు రాత్రంతా కాలితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుందని తర్వాత తెలిసింది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడకపోయినా అది ఉంటుంది. నిద్రలో ఉన్న మనిషి లేవకుండానే పోతాడు.

ఈ సంగతి విని చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. ఆయన షెడ్డులో ర్యాకు కిందే ఇనుప తట్టలో బొగ్గులు. పైన తట్టల్లో పాత పేపర్లు, పక్కన ఎండిన మల్బరీ పుల్లలు, వెదురు చంద్రికలు, గోడకి ప్లాస్టిక్ పట్టా. పురుగుల కాపలాకి తనూ అక్కడే పడక. తలుపు ఒక్కటే.

నిద్రలో నిప్పు అంటుకుంటే ఏమవుతుందో మా ఊళ్లోనే చూశాం. 2025 మే 18 తెల్లవారుజామున ఇక్కడి ఎంఐడీసీలో ఒక టవళ్ల కార్ఖానా కాలి 8 మంది చనిపోయారు. వాళ్లలో యజమాని ఇంటివాళ్లూ, కార్మికులూ ఉన్నారు. అది చలిమంట వల్ల కాదు, వేసవిలో జరిగింది. కానీ నూలు, గుడ్డ ఉన్నచోట నిప్పు మనం లేచేదాకా ఆగదని అందరికీ అర్థమైంది. ఎండు పుల్ల, పేపరు ఉన్న షెడ్డూ అంతే.

*ముందు నిప్పు అవసరం తగ్గించుకుందాం*

పురుగుకి ఎక్కువ వేడి కావలసింది చాకీ దశలోనే. మొదటి రెండు దశల్లో 27, 28 డిగ్రీలు ఉండాలి. ఐదో దశకి వచ్చేసరికి 24, 25 చాలు. చిన్నాయన ఇప్పుడు చలికాలంలో గుడ్లు తెచ్చుకోడు. చాకీ కేంద్రం నుంచి రెండో జ్వరం దాటిన పురుగులే తెస్తాడు. బొగ్గుల ఖర్చు తగ్గింది, రాత్రి భయమూ తగ్గింది.

పగలు ఎండ ఉన్నప్పుడు కిటికీలు తెరిచి గాలి, వేడి లోపలికి రానిస్తాడు. సాయంత్రం చలిగాలి వచ్చే వైపు గోనె పరదాలు దించుతాడు. గాలి పోయే దారి మాత్రం పైన కొంచెం వదులుతాడు. థర్మామీటరు గోడకి కాకుండా పురుగులున్న ఎత్తులో కట్టాడు. చూస్తే చాలా రాత్రులు మనం అనుకున్నంత వేడి పెట్టాల్సిన పనే లేదు.

ఇంకో మాట. బొగ్గుల పొగ పురుగుకీ పడదు. వేడికి గాలి ఎండిపోతే ఆకు వాడిపోతుంది, మేత సరిగా తినవు.

*వేడి పెట్టక తప్పకపోతే*

1. బొగ్గులు ఆరుబయట రాజేసి, పొగ పూర్తిగా పోయాకే లోపలికి తేవాలి. ర్యాకు కింద వద్దు. నడవలో ఇటుకల మీద పెట్టి, చుట్టూ మూడడుగులు ఖాళీగా ఉంచాలి.

2. నిప్పు లోపల ఉన్నంతసేపు ఒక మనిషి మెలకువగా ఉండాలి. పడుకునే ముందు కుంపటి బయటికి పోవాలి. బూడిద కప్పిన నిప్పు తెల్లారేదాకా బతికే ఉంటుంది. నీళ్లు పోసి చల్లారాకే పారబోయండి. ఎండు పుల్లల పక్కన వద్దు.

3. కిరోసిన్, పెట్రోలు పోసి రాజేయొద్దు. బ్లీచింగ్ పౌడరు బస్తా నిప్పుకీ, నూనెలకీ దూరంగా వేరే చోట ఉండాలి.

4. 2000 వాట్ల కరెంటు హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గుకి, పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరుకి తగిలించొద్దు. 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి తగ్గ మందం వైరు వేయించండి. ప్లగ్గు చేతికి వేడిగా తగిలితే వెంటనే ఆపేయండి.

5. తలుపు దగ్గర రెండు బకెట్ల నీళ్లు, రెండు బకెట్ల ఇసుక. కరెంటు మంట మీద నీళ్లు పోయొద్దు. మెయిన్ ఆపి ఇసుక చల్లండి. తలుపుకి అడ్డంగా ఆకు మోపులు వేయొద్దు.

*జరిగితే*

బట్టలు అంటుకుంటే పరుగెత్తొద్దు. నేల మీద పడి దొర్లాలి, పక్కవాళ్లు మందపాటి దుప్పటి కప్పాలి. కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీళ్లు పోయండి. పేస్టు, పసుపు, సిరా రాయొద్దు. బొగ్గుల గదిలో తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే బయటి గాలికి రండి, 108కి ఫోన్ చేయండి. మంటలకి 101 లేదా 112.

ఇప్పుడు మా ఇంట్లో శెగ్డి గడప బయటే. అమ్మ కాసేపు చేతులు కాచుకుని లోపలికి వచ్చి చుడుతుంది. చలి కొంచెం ఎక్కువే, ఇంకో చద్దరు కప్పుకుంటుంది. చిన్నాయన పడక షెడ్డులోంచి బయటి వసారాలోకి మారింది. పంట పోతే ఇంకో పంట తీయొచ్చు.

మీ షెడ్డులో రాత్రి పడుకునేది ఎవరో, వాళ్లకి ఈ మెసేజ్ చదివి వినిపించండి.